శూన్య ట్రిప్ కాలనీ

అక్టోబరు పద్నాలుగో తేదీ మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై రెండు నిమిషాలకు, గొల్లగండిలోని తీర లవణ అభివృద్ధి సంస్థ ఉద్యోగుల కాలనీలో సన్మాన సభ జరుగుతుండగా పందిట్లో కరెంటు పోయింది. ఆరు నిమిషాల తర్వాత వచ్చింది. సభకు మూడు వందల మంది దాకా వచ్చారు. ఎవరూ చనిపోలేదు. ఇందుకు బాధ్యుణ్ణి చేస్తూ సంస్థ వైర్‌మన్ కలిశెట్టి సన్యాసిరావుకు మెమో ఇచ్చారు.

సన్యాసిరావుకు యాభై మూడేళ్లు. ఇరవై ఆరేళ్లుగా ఆ కాలనీలో కరెంటు పని అతనిదే. ఏ, బీ, సీ, డీ బ్లాకులు కలిపి రెండు వందల పన్నెండు క్వార్టర్లు, ఒక బంగళా. సముద్రం రెండు కిలోమీటర్ల దూరం. ఉప్పు గాలికి స్విచ్చుల్లో ఇత్తడి పచ్చబడుతుంది. స్క్రూల తలలు ఊడిపోతాయి. గోడల్లో చెమ్మ దిగుతుంది. సంస్థ తయారు చేసేది కూడా ఉప్పే. సన్యాసిరావు మనసులో పెట్టుకున్న సంగతి ఒకటుంది. అతను చూసుకునే ఇళ్లలో ఇంతవరకు కరెంటు కొట్టి మనిషి పోలేదు. ఆ మాట పైకి అనడు. వైర్‌మన్ పర్మిట్ కార్డును ప్లాస్టిక్ కవర్లో పెట్టి చొక్కా జేబులో ఉంచుకుంటాడు. ఇంటికి వెళ్లాక తీసి దేవుడి పటం పక్కన పెడతాడు.

సంగతి జూన్ మూడో తేదీన మొదలైంది. సంస్థకు కొత్తగా వచ్చిన మేనేజింగ్ డైరెక్టర్ వర్ధన్ గారు ఆ ఉదయం బంగళాలో స్నానం చేస్తున్నారు. తలకు షాంపూ పెట్టుకున్నాక కరెంటు పోయింది. మోటారు ఆగింది. నీళ్లు ఆగాయి. సన్యాసిరావు సైకిలు మీద వచ్చేసరికి ఎం.డి. గారు హాల్లో తువ్వాలుతో నిలబడి ఉన్నారు. నురగ ఆరిపోయింది.

సన్యాసిరావు బోర్డు తెరిచి చూశాడు. గీజర్ విప్పి చూశాడు.

"గీజర్లో ఎలిమెంటు పోయిందండి. ఉప్పునీళ్లు కదండీ, తినీసినాయి. నీళ్లలోకి కరెంటొస్తంది."

"నేను గీజర్ గురించి అడగలేదు. విద్యుత్ సరఫరా ఎందుకు నిలిచిపోయింది?"

"ట్రిప్పరు పడిపోయిందండి."

"ఎందుకు పడింది?"

సన్యాసిరావు చేతులు తుడుచుకున్నాడు. కాలనీలో పిల్లలకు చెప్పినట్టే చెప్పాడు. "కరెంటు ఒక తీగలో ఎల్తాదండి, ఇంకో తీగలో తిరిగొస్తాది. ఎల్లినదంతా తిరిగొచ్చీయాలి. మజ్జిలో తగ్గిందంటే ఎవుడో మనిషి ఒంట్లోంచి నేల్లోకి దిగిపోతన్నట్టు. ఈ ట్రిప్పరు దాన్ని కాపలా కాస్తాది. తేడా రాగానే పడిపోద్దండి. మీరు పడిపోకుండా అది పడిందండి."

ఎం.డి. గారు తువ్వాలు బిగించుకున్నారు.

"ఈ నెలలో ఇది ఎన్నోసారి?"

"బంగళాలో మొదటిసారండి. కాలనీలో అయితే దినానికి పది, పదిహేను పడతాయి."

"పదిహేను!" అన్నారు ఎం.డి. గారు. "ఒక పరికరం రోజుకు పదిహేనుసార్లు పడిపోతుంటే దాన్ని యాజమాన్య పరిభాషలో వైఫల్యం అంటారు."

సన్యాసిరావు గీజర్ ఎలిమెంటు మార్చి, నీళ్లు పట్టి చూసి, వెళ్లిపోయాడు. ట్రిప్పర్ ఆ తర్వాత పడలేదు. ఆ సంగతి ఎవరూ రాసుకోలేదు.

జూన్ తొమ్మిదో తేదీన సర్క్యులర్ వచ్చింది. "కాలనీ యందు విద్యుత్ ట్రిప్పులు అవాంఛనీయ స్థాయికి చేరుకొన్నట్లు యాజమాన్యం దృష్టికి వచ్చినది. ట్రిప్పు అనునది వైఫల్యము. సదరు వైఫల్యమును ఉపేక్షించుట సాధ్యపడదు. ఇందుమూలముగా శూన్య ట్రిప్ ఉద్యమము తక్షణమే ప్రారంభమైనట్లు తెలియజేయడమైనది." ట్రిప్పు జరిగిన పది నిమిషాల్లోగా టి-వన్ అనే ఫారం నింపాలి. అందులో నాలుగు గళ్లు. ట్రిప్పర్ నంబరు, కారణము, బాధ్యుల పేరు, పునరావృతం కాకుండా తీసుకున్న చర్య. డిప్యూటీ ఇంజినీరు సంతకం అయ్యేదాకా పడిన ట్రిప్పర్‌ను ఎత్తరాదు. ఏ క్వార్టర్‌కు ఎన్ని ట్రిప్పులో గేటు దగ్గర బోర్డు మీద రాస్తారు.

సర్క్యులర్ టైపు చేసింది పడాల వరహాలమ్మ. ఆఫీసులో టైపిస్టు. భర్త ఉద్యోగంలో ఉండగా పోతే ఆ ఉద్యోగం ఆమెకు ఇచ్చారు. సీ-తొమ్మిదిలో ఉంటుంది. మొదటి వారం గడిచాక గేటు బోర్డు మీద ఎక్కాల్సిన జాబితా కూడా ఆమే టైపు చేసింది. చివరి పేరు ఆమెదే. పదకొండు ట్రిప్పులు.

"ఓలమ్మ, నా పేరు నా సేత్తోనే కొట్టించీసినారు," అంది సన్యాసిరావుతో. "పిండి రుబ్బుదావని గ్రైండరేస్తే సాలు, టప్పుమంతాది. ఫారం రాసి పట్నాయక్ బాబు సంతకం కోసం రెండు గంటలు కూకున్నాను. పిండి పులిసిపోనాది."

సన్యాసిరావు సీ-తొమ్మిదికి వెళ్లాడు. గ్రైండరు ప్లగ్గు చూశాడు. మూడు పిన్నులు ఉండాల్సిన చోట రెండే ఉన్నాయి. లావుపాటి పిన్ను కోసేసి ఉంది.

"ఇదెవులు కోసినారు?"

"గ్రైండరు బాగుసేసే ఆయన. సాకెట్లోకి ఎల్లట్లేదంటే, మూడోది ఉత్తదేనమ్మా, అలంకారానికి పెడతారని కోసీసినాడు."

"అదేనమ్మా అసల్ది. లోపల తీగ ఊడి గ్రైండరు పైరేకుకి తగిలిందనుకో, ఆ కరెంటు ఈ పిన్నులోంచి నేల్లోకి ఎల్లిపోద్ది. పిన్ను లేకపోతే ఇంకెటెల్తాది? నీలోంచే."

వరహాలమ్మ గ్రైండరు వైపు, తన చేతుల వైపు చూసుకుంది. "మరి ఇన్నాళ్లూ నాకేటీ కాలేదే?"

"పదకొండుసార్లు ట్రిప్పరు పడింది కదేటి."

గ్రైండరు లోపల తెగిన తీగకు కొత్త తీగ వేశాడు. ప్లగ్గు మార్చాడు. తర్వాత పెరట్లో ఎర్తు గుంట తవ్వి చూశాడు. గుంట ఎండిపోయి ఉంది. రేకు చుట్టూ ఉప్పు, బొగ్గు వేసి నీళ్లు పోస్తేనే కరెంటు నేలలోకి దిగుతుంది. కాలనీలో గుంటలన్నీ అలాగే ఉన్నాయి. వాటి కోసం నాలుగు బస్తాల ఉప్పు కావాలని అతను ఇండెంటు పెట్టి మూడేళ్లయింది. మళ్లీ స్టోర్‌కు వెళ్లి అడిగాడు.

స్టోర్‌కీపర్ లెంక సింహాద్రి వెనకాల ఆరు వేల బస్తాల ఉప్పు ఉంది.

"ఇవ్వడానికి లేదు సన్యాసీ," అన్నాడు సింహాద్రి. "మన ఉప్పు అమ్మకానికి. నేల్లో పాతెయ్యడానికి రూల్లేదు."

వరహాలమ్మ ఆవకాయకు కొన్న కల్లుప్పులో నాలుగు కిలోలు మిగిలితే అది ఇచ్చింది. ఇస్త్రీ బండి దగ్గర బొగ్గు దొరికింది. సీ-తొమ్మిది గుంట నిండింది. ఆ ఇంట్లో ట్రిప్పర్ మళ్లీ పడలేదు. అయితే టి-వన్ ఫారంలో బాగుచేసినట్టు రాయడానికి గడి లేదు. ట్రిప్పు జరిగితేనే ఫారం. కాబట్టి నెలాఖరు జాబితాలో వరహాలమ్మ పదకొండు పదకొండుగానే ఉంది.

మిగతా ఇళ్లవాళ్లు వేరే దారి చూసుకున్నారు. మిక్సీలు అటక మీదికి చేరాయి. ఇస్త్రీ పెట్టె వేసే ముందు ఇంటాయన ఆఫీసులో ఉన్నాడో లేదో చూసుకున్నారు. ఉంటే ఫారం అక్కడే నింపొచ్చు. జూలై ఒకటో తేదీన మొదటి ఫలితాలు వచ్చాయి. సున్న ట్రిప్పులతో ప్రథమ స్థానం డీ-పదిహేడుకు వచ్చింది. డీ-పదిహేడు ఆరేళ్లుగా తాళం వేసి ఉంది. ప్రశంసాపత్రం అందుకోవడానికి ఎవరూ లేకపోవడంతో ఎం.డి. గారు స్వయంగా వెళ్లి దాన్ని తలుపుకు అంటించారు. ఫొటో తీశారు. "మిగతా నివాసితులు ఈ క్వార్టర్‌ను ఆదర్శంగా తీసుకోవాలి," అన్నారు.

ఆ ఫొటో చూసి సింహాద్రికి కోపం వచ్చింది. అతనుండేది ఏ-ఇరవై రెండులో. ఏ బ్లాకు పాతది. అరవై క్వార్టర్లలోనూ ట్రిప్పర్లు లేవు, పింగాణీ ఫ్యూజులే. ఫారంలో ట్రిప్పర్ నంబరు రాయడానికి వీల్లేక ఆ బ్లాకును పోటీలోంచి తప్పించారు. సింహాద్రి అర్జీ పెట్టాడు. "నా క్వార్టర్‌లో పదకొండేళ్లుగా ఒక్కసారి కూడా కరెంటు పోలేదు. తాళం వేసిన ఇంటికి ప్రశంసాపత్రం ఇచ్చి, కాపురమున్న ఇంటికి ఇవ్వకపోవడం అన్యాయం."

జూలై ఐదో తేదీన ఎం.డి. గారు ఏ బ్లాకుకు వచ్చారు. డిప్యూటీ ఇంజినీరు పట్నాయక్, సన్యాసిరావు వెంట ఉన్నారు. సింహాద్రి మెయిన్ ఆపి, పింగాణీ ఫ్యూజు లాగి చూపించాడు. ఫ్యూజు తీగ ఉండాల్సిన చోట నల్లటి ఇనుప ముక్క ఉంది.

"ఇదేమిటి?" అన్నారు ఎం.డి.

"తలపిన్నండి. మా ఆవిడది. ముందు తీగే ఉండేదండి, వారానికోసారి కాలిపోయేది. ఈ సన్యాసి వొచ్చి మళ్లీ అదే సన్న తీగ కట్టీవోడు. ఇసుగొచ్చి నేనే ఇది పెట్టీసినాను. మా బ్లాకులో అందరూ ఇంతేనండి. కొందరు లావు రాగి తీగ పెట్టుకున్నారు."

"నాను మూడుసార్లు తీసీసినానండి," అన్నాడు సన్యాసిరావు. "నానటు ఎల్లగానే ఇటు పెట్టీస్తన్నారు. సార్, ఫ్యూజు పని కాలిపోడవేనండి. అది కాలకపోతే గోడలో వైరు కాలుద్ది."

"గోడలో వైరు కాలిందా?"

"ఇంకా లేదండి."

"ఇంకా అనేది గణాంకం కాదు," అన్నారు ఎం.డి.

సన్యాసిరావు స్విచ్చుబోర్డు మీద అరచెయ్యి పెట్టాడు. "బోర్డు ఎచ్చగుందండి."

"సలికాలం హాయిగా ఉంటాది," అన్నాడు సింహాద్రి.

వారం తిరక్కుండా కమిటీ నివేదిక వచ్చింది. కమిటీలో ఎం.డి. గారు, అకౌంట్స్ అధికారి, ప్రజాసంబంధాల అధికారి ఉన్నారు. "ట్రిప్పులన్నియు ట్రిప్పర్లు గల గృహములందే సంభవించినవి. ట్రిప్పర్లు లేని ఏ బ్లాకునందు ట్రిప్పుల సంఖ్య శూన్యము. కావున ట్రిప్పులకు మూలకారణము ట్రిప్పర్లేనని నిర్ధారించడమైనది. ఏ బ్లాకు విధానమును కాలనీ అంతటికిని వర్తింపజేయుటకు కమిటీ సిఫారసు చేయుచున్నది."

బీ, సీ, డీ బ్లాకుల్లో నూట యాభై రెండు ట్రిప్పర్లు, బంగళాలో ఒకటి. అన్నీ తీసేసి తీగలు నేరుగా కలపాలి. పని సన్యాసిరావుది. పూర్తయ్యాక ప్రతి ఇంటికీ అతను తన పర్మిట్ నంబరు వేసి సంతకం చేయాలి.

అతను పట్నాయక్ గదికి వెళ్లాడు. పట్నాయక్ తల ఎత్తలేదు.

"నువ్వు ఏం చెప్తావో తెలుసు సన్యాసీ. నేనూ బి.ఇ. చదివాను."

"అయితే మీరే సెప్పండి సార్ ఆయనికి."

"చెప్పాను. సానుకూల దృక్పథం లోపించినది అని నా ఫైల్లో రాశారు." పట్నాయక్ ఫైలు మూశాడు. "చూడు. ఇంజినీరింగు పరంగా నువ్వు చెప్పేది నిజం. పరిపాలన పరంగా కాదు. నువ్వు చెయ్యకపోతే పని కాంట్రాక్టుకి ఇస్తారు. వాళ్లు ట్రిప్పర్లతో పాటు ఎర్తు తీగలు కూడా తెంపేసి పోతారు. నీ పర్మిట్ రద్దు చెయ్యమని పైకి రాస్తారు. అప్పుడు ఈ ఇళ్లు చూసేవాడెవడు?"

"రాతపూర్వకంగా ఇమ్మనండి."

రాతపూర్వకంగా ఇవ్వడానికి సంస్థ ఎప్పుడూ వెనుకాడలేదు. ఉత్తర్వు అరగంటలో ఐదు ప్రతుల్లో వచ్చింది. తెచ్చింది వరహాలమ్మ.

"నాలుగు బస్తాల ఉప్పుకి మూడేళ్లయినా ఇడవలేదు," అంది. "ఇది సూడు, ఎంత బేగొచ్చీసిందో. సెప్పన్నా, తీసీస్తే మాకేటవుద్ది?"

"ఏటీ అవ్వకుండా సూస్తాను."

జూలై పద్నాలుగున పని మొదలుపెట్టాడు. రోజుకు ఐదు ఇళ్లు. ఒక ఇంట్లో ట్రిప్పర్ విప్పే ముందు ఆ ఇంట్లో కరెంటు ఎక్కడెక్కడ కారుతోందో మీటరు పెట్టి చూశాడు. తెగిన తీగ మార్చాడు. కోసిన మూడో పిన్నుకు బదులు కొత్త ప్లగ్గు పెట్టాడు. పెరట్లో గుంట తవ్వాడు. ఉప్పు సంగతి వరహాలమ్మ చూసుకుంది. ఇంటికి రెండు కిలోల కల్లుప్పు ఆడవాళ్ల దగ్గర పోగుచేసింది. ఇవ్వనన్నవాళ్లకు వాళ్ల ఫారాలు ఆలస్యంగా టైపవుతాయని చెప్పింది. పనంతా చేశాకే సన్యాసిరావు ట్రిప్పర్ విప్పాడు. దాని మీద ఇంటి నంబరు రాసి గోనెసంచిలో వేశాడు. ఆగస్టు పదమూడున పని ముగిసింది. చివరిది బంగళా. దాని మీద "బంగళా" అని రాశాడు. అయితే అతను ఏ బ్లాకు గోడల్లో వైర్లు మార్చలేకపోయాడు. వైరుకు ఇండెంటు స్టోర్‌లో ఉంది.

ఆగస్టు పద్నాలుగు నుంచి గేటు బోర్డు మీద ఒకటే అంకె. "ట్రిప్పులు లేని రోజులు: 1." మర్నాడు రెండు. ఆ మర్నాడు మూడు.

సెప్టెంబరు మొదటి వారంలో వానలు పడ్డాయి. గోడలు చెమ్మగిల్లాయి. సన్యాసిరావు బాగుచేసిన తీగల్లో కొన్ని ఉప్పు గాలికి మళ్లీ పాడయ్యాయి. కుళాయి ముట్టుకుంటే చెయ్యి జిల్లుమంటోందని బీ బ్లాకులో ఆరుగురు చెప్పారు. టి-వన్ ఫారంలో షాక్‌కు గడి లేదు. పైగా ట్రిప్పు జరగలేదు. వాళ్లను కాలనీ డిస్పెన్సరీకి పంపారు. అక్కడ ఆరుగురికీ "నరాల బలహీనత" అని రాసి బి-కాంప్లెక్సు మాత్రలు ఇచ్చారు. కాలిన వాసన వస్తోందని సీ బ్లాకు నుంచి మూడు ఫిర్యాదులు అందాయి. వాసన పారిశుద్ధ్య విభాగం పరిధిలోకి వస్తుంది. వాళ్లు వచ్చి మురుగు కాలువలో బ్లీచింగ్ పొడి చల్లి వెళ్లారు.

నరాల బలహీనత పద్దెనిమిది మందికి పెరిగాక ఇంకో సర్క్యులర్ వచ్చింది. "నివాసితులు గృహమునందు సర్వకాలముల యందును రబ్బరు పాదరక్షలు ధరించవలెను." ఇంటికి నాలుగు జతలు పంచారు. వాటికి భద్రతా పాదరక్షలు అని పేరు పెట్టారు. చెప్పులు వేసుకున్నారో లేదో చూడటానికి ఇద్దరు అటెండర్లు ఇల్లిల్లూ తిరిగారు.

"వంటింట్లో సెప్పులేటి, దేవుడి గదిలో సెప్పులేటి?" అంది వరహాలమ్మ. "మా అత్త ఉండి ఉంటే ఆ సెప్పు తీసి నన్నే కొట్టును."

"ఏసుకో తల్లీ," అన్నాడు సన్యాసిరావు. "ఈళ్లు సేసినవాటిల్లో పనికొచ్చేది అదొక్కటే."

సెప్టెంబరు పంతొమ్మిదిన, బోర్డు మీద అంకె ముప్పై ఏడు ఉన్న రోజు, ఉదయం తొమ్మిదింటికి ఏ-ఇరవై రెండు గోడలోంచి పొగ వచ్చింది. సింహాద్రి భార్య ఇడ్లీకి నీళ్లు కాచే కరెంటు కుండ, ఇస్త్రీ పెట్టె ఒకేసారి వేసింది. తలపిన్ను కాలలేదు. సన్యాసిరావు సైకిలు అక్కడే పడేసి లోపలికి పరుగెత్తి మెయిన్ లాగేశాడు. గోడలో వైరు నాలుగు అడుగుల మేర బొగ్గయింది. సింహాద్రి స్టోర్ నుంచి వచ్చేసరికి అతని భార్య వీధిలో నిలబడి దగ్గుతోంది.

సింహాద్రి గోడ వైపు చూశాడు. బొగ్గయిన వైరును వేలితో తాకి చూశాడు. తర్వాత, "వైరు ఎన్ని మీటర్లు కావాలి?" అన్నాడు.

"అరవై ఇళ్లకి కావాలి."

"ఇండెంటు నా దగ్గరే ఉంది. వైరు పట్టికెల్లిపో."

మెయిన్ లాగింది మనిషి కాబట్టి అది ట్రిప్పు కిందికి రాదని ఆఫీసు తేల్చింది. సంఘటనను "గోడ రంగు మారుట" అని నమోదు చేసి సివిల్ విభాగానికి పంపారు. వాళ్లు సున్నం వేయించారు. మర్నాడు బోర్డు మీద అంకె ముప్పై ఎనిమిది. అదే వారంలో కాలనీని చూడటానికి వేరే రెండు సంస్థల అధికారులు వచ్చారు. వాళ్లకు చూపించడానికి ఏ-ఇరవై రెండు తలపిన్నును అద్దాల పెట్టెలో పెట్టారు.

అక్టోబరు పద్నాలుగున సన్మాన సభ పెట్టారు. ఉద్యమం ముగింపు, విజయోత్సవం. మూడు రోజులుగా వాన. ఆ ఉదయమే తెరిపి ఇచ్చింది. టెంట్ హౌసు వాళ్లు ఆటస్థలంలో పందిరి వేసి, వేదిక మీద ఎర్ర తివాచీ పరిచారు. తివాచీ తడిసి ఉంది. సన్యాసిరావు ఎనిమిదింటికి వెళ్లి వైర్లు చూశాడు. అతుకులు గడ్డిలో, నీళ్లలో ఉన్నాయి. అడిగితే, టేపు చుట్టామండి, ఏమీ కాదన్నారు. మైకు పెట్టెకు, వేదికకు అప్పటికే ఎర్ర గుడ్డలు చుట్టేశారు. వేదిక ఎక్కేవాళ్ల జాబితా వరహాలమ్మ చేతిలో ఉంది. అందులో ఆమె పేరు కూడా ఉంది. చివరి స్థానం నుంచి మొదటి స్థానానికి వచ్చిన క్వార్టర్ కాబట్టి ఎం.డి. గారి తర్వాత ఆమె మైకులో మాట్లాడాలి.

"ఏటి మాటాడాలో రాసిచ్చీసినారు," అంది. "నాలుగు వాక్యాలు. నానే టైపు సేసినాను."

సన్యాసిరావు పట్నాయక్‌ను వెతికి పట్టుకున్నాడు. "సార్, పందిరికి ఒక ట్రిప్పరు పెడతానండి."

పట్నాయక్ అటూ ఇటూ చూశాడు. "శూన్య ట్రిప్ సభలో ట్రిప్పరా?"

"నేలంతా తడిసార్."

"నువ్వు నాతో మాట్లాడలేదు. నేను వినలేదు," అని పట్నాయక్ అతిథుల కారు వైపు వెళ్లాడు.

సన్యాసిరావు స్టోర్‌కు వెళ్లాడు. సింహాద్రి ఏమీ అడగకుండా తాళం తీశాడు. గోనెసంచిలో నూట యాభై మూడు ట్రిప్పర్లున్నాయి. వానకు సంచి కింది సగం చెమ్మగిల్లింది. చివర వేసింది పైనే ఉంది, పొడిగా. దాని మీద "బంగళా" అని రాసి ఉంది. అది పని చేస్తుందని సన్యాసిరావుకు తెలుసు. జూన్ మూడున అది పడి ఉండటం చూశాడు. దాన్ని తెచ్చి వేదిక వెనక బల్ల కింద బోర్డులో బిగించాడు. పరీక్ష మీట నొక్కి చూశాడు. పడింది. ఎత్తాడు. బల్ల మీది గుడ్డ కిందికి లాగి కప్పాడు.

పదకొండు గంటలకు సభ మొదలైంది. వేదిక మీదివాళ్లంతా భద్రతా పాదరక్షల్లో వచ్చారు. ప్రజాసంబంధాల అధికారి మొదట జ్యోతి ప్రజ్వలన అని ప్రకటించాడు. చెప్పులతో దీపం వెలిగించకూడదు. పెద్దలందరూ చెప్పులు విప్పి వేదిక మెట్ల దగ్గర వరసగా పెట్టారు. తొమ్మిది జతలు. దీపం వెలిగింది. ఆ తర్వాత ఎవరూ కిందికి దిగి చెప్పులు వేసుకోలేదు.

సన్యాసిరావు బల్ల పక్కన నిలబడి ఆ తొమ్మిది జతలు చూశాడు. తర్వాత తివాచీ మీద పాదాలు చూశాడు. జేబులో పర్మిట్ కార్డు మీద చెయ్యి వేశాడు.

ఎం.డి. గారు లేచి మైకు దగ్గరికి వచ్చారు. ఎడమ చేత్తో వేదిక ఇనుప గొట్టాన్ని పట్టుకున్నారు. కుడి చేత్తో మైకు స్టాండు పట్టుకున్నారు.

"మిత్రులారా! అరవై రెండు రోజులుగా మన కాలనీలో ఒక్క ట్రి—"

బల్ల కింద టప్పుమంది. మైకు ఆగింది. ఫ్యాన్లు ఆగాయి. ఎం.డి. గారు వెనక్కి విసురుగా పడ్డారు. పూలకుండీలు దొర్లాయి. కుడి మణికట్టు ఆయన ఒంటి కింద నలిగింది.

"ఓలమ్మ, బాబు పడిపోనారు!" అని వరహాలమ్మ అందరికంటే ముందు పరుగెత్తింది. ఎం.డి. గారిని లేపి కుర్చీలో కూర్చోబెట్టారు. మంచినీళ్లు ఇచ్చారు. ఆయన మాట్లాడటానికి ఒక నిమిషం పట్టింది.

"కరెంటు ఎవరు ఆపారు?" అన్నారు.

సన్యాసిరావు మైకు పెట్టెకు చుట్టిన గుడ్డ విప్పి ప్లగ్గు తీశాడు. మూడో పిన్ను కోసేసి ఉంది. దాన్ని వరహాలమ్మకు చూపించాడు. ఆమె చేతిలోని నాలుగు వాక్యాల కాగితాన్ని మడిచి జాకెట్లో పెట్టుకుంది. అతను గడ్డిలో అతుకు పైకి తీసి ఆరబెట్టి కట్టాడు. ప్లగ్గు మార్చాడు. ట్రిప్పర్ ఎత్తాడు. ఫ్యాన్లు తిరిగాయి. పదకొండు గంటల ఇరవై ఎనిమిది నిమిషాలు.

నిబంధన ప్రకారం టి-వన్ ఫారం నింపాలి. నింపింది సన్యాసిరావే. ట్రిప్పర్ నంబరు: బంగళా. కారణము: ఎం.డి. గారి ఒంట్లోంచి కరెంటు నేలలోకి వెళ్లుట. బాధ్యుల పేరు: మైకు ప్లగ్గు. పునరావృతం కాకుండా తీసుకున్న చర్య: ఎం.డి. గారు బతికి ఉన్నారు.

ఎం.డి. గారిని డిస్పెన్సరీకి తీసుకెళ్లారు. మణికట్టుకు కట్టు కట్టారు. రిజిస్టర్లో నరాల బలహీనత అని రాసి, బి-కాంప్లెక్సు మాత్రలు పది ఇచ్చారు.

మధ్యాహ్నం గేటు బోర్డు మీద అంకె చెరిపేసి సున్న వేశారు. కమిటీ మర్నాడు కూర్చుంది. ట్రిప్పర్‌ను సాక్ష్యంగా కవర్లో పెట్టి సీలు వేసింది. రెండు గంటలు చర్చించాక, అరవై రెండు రోజుల శ్రమ ఒక వ్యక్తి అనధికార చర్య వల్ల నిష్ఫలమైనట్లు తేల్చింది.

పదిహేడో తేదీ ఉదయం మెమో వచ్చింది. తెచ్చింది వరహాలమ్మ. సన్యాసిరావు ఏ బ్లాకులో, పదకొండో ఇంట్లో కొత్త వైరు లాగుతున్నాడు. నిచ్చెన దిగి చేతులు తుడుచుకున్నాడు.

"సదువుతావా, సదవమంతావా?"

"సదువు."

"అనుమతి లేకుండా సభాస్థలి యందు ట్రిప్పరు అమర్చి, తద్వారా ట్రిప్పు సంభవింపజేసి, సంస్థ ప్రతిష్ఠకు భంగము కలిగించినందుకు మీ వైర్‌మన్ పర్మిట్ ఎందుకు రద్దు చేయరాదో ఏడు దినములలోగా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వవలెను." వరహాలమ్మ కాగితం దించింది. "నానే టైపు సేసినాను. మూడుసార్లు తప్పులు పోనాయి. కావాలనే."

సన్యాసిరావు మెమో తీసుకుని కింద సంతకం చూశాడు. దగ్గరగా పెట్టుకుని మళ్లీ చూశాడు.

"ఇది ఎం.డి. గారి సంతకవేనా?"

"ఆయనదే. నా ఎదరే పెట్టినారు. కుడిసేతికి కట్టుంది కదేటి."

మెమో ఐదు ప్రతుల్లో ఉంది. ఐదింటి మీదా ఎం.డి. గారు ఎడమ చేత్తో సంతకం చేశారు.